మార్కర్ లెడ్ లాగుతుంటే చెరువు అడుగంతా ఒకేలా అనిపిస్తోందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చెరువు అడుగు ఎలా ఉందో, ఎంత లోతుందో చూసే మార్కర్ రాడ్, దాని దారానికి కట్టే సీసపు గుండు (మార్కర్ లెడ్), నీటి పైకి తేలే బెండు కొన్నారు. నాలుగైదు సార్లు చెరువు దగ్గరికి వెళ్లి విసిరారు. రీల్ మెల్లగా తిప్పుతూ వెనక్కి లాగుతుంటే ఎక్కడైనా ఒకే రకం గరగర. అది గులకో, ఇసకో, ఒండ్రో తేలక చివరికి ఎప్పటిలాగే నీళ్ల మధ్యలోకి ఎర వేసి కూర్చుంటున్నారు. కార్ప్, అంటే బంగారు తీగ చేప, మేసే చోటు ఈ సీసపు గుండుతో నిజంగా తెలుస్తుందా, లేక ఇదంతా సామాన్లు అమ్ముకునేవాళ్ల మాటా అని అడిగారు.

తెలుస్తుంది. కాకపోతే మీరు వింటున్న ఆ గరగర చాలావరకు చెరువు అడుగుది కాదు, మీ రాడ్‌ది. తడిసిన బ్రెయిడ్ దారం (సన్నటి పోగులు అల్లి చేసింది) రాడ్ మీది రింగుల మీదుగా జారుతుంటే సన్నగా అదురు పుడుతుంది. రీల్ తిప్పినంతసేపూ చేతికి వచ్చేది అదే. గుండు పంపే అసలు కబురు దాని కింద మునిగిపోతుంది. కాబట్టి ముందు రీల్‌తో లాగడం మానేయండి. రాడ్ మొనని గుండు వైపు చూపించి, దారం బిగించి, రాడ్‌ని నేలకి దగ్గరగా ఉంచి పక్కకి తిప్పుతూ లాగండి. అప్పుడు రింగుల్లో దారం కదలదు, గుండు మాత్రమే కదులుతుంది. రాడ్ పూర్తిగా పక్కకి వచ్చాక మళ్లీ గుండు వైపు తీసుకెళ్తూ వదులైన దారాన్ని చుట్టుకోండి. మళ్లీ లాగండి. చుట్టేటప్పుడు చేతికి వచ్చేదాన్ని పట్టించుకోవద్దు, లాగేటప్పుడు వచ్చేదే లెక్క. ఈ ఒక్క మార్పుతోనే మీ సమస్య సగం తీరిపోతుందని నా నమ్మకం.

రెండో సంగతి, బెండు తీసి సంచీలో పెట్టేయండి. లోతు కొలవడానికి అది కావాలి, దాని గురించి తర్వాత చెబుతాను. అడుగు ఎలా ఉందో వెతికేటప్పుడు మాత్రం అది అడ్డమే. నీళ్లలో దాని ఈడ్పు, దాని ఊగులాట కూడా దారంలోకే వస్తాయి. దారం చివర ఒట్టి గుండు చాలు.

దారం మాత్రం బ్రెయిడే ఉండాలి, ఇందులో రాజీ లేదు. నైలాన్ సాగుతుంది. యాభై మీటర్ల అవతల గుండు గులకరాయికి తగిలితే ఆ తాకిడి నైలాన్‌లో దారిలోనే చచ్చిపోతుంది. 20 నుంచి 30 పౌండ్ల బ్రెయిడ్ సరిపోతుంది. దూరం విసిరేవాళ్లు ముందు భాగంలో విసురు దెబ్బకి తట్టుకునే బలమైన దారం ముక్క, అంటే షాక్ లీడర్, కట్టుకోవాలి. గుండు బరువు ఒక ఔన్సుకి పది పౌండ్ల చొప్పున లీడర్ బలం ఉండాలన్నది పాత లెక్క. మూడు ఔన్సుల గుండుకి, అంటే దాదాపు 85 గ్రాములకి, 30 పౌండ్ల లీడర్. విసిరేటప్పుడు దారం తెగితే ఆ గుండు ఎటు వెళ్తుందో మన చేతిలో ఉండదు, అందుకని ఈ లెక్కని తేలిగ్గా తీసుకోకండి. బ్రెయిడ్ వేలిని కూడా కోస్తుంది. వేలికి తొడుగు వేసుకోండి.

గుండు విషయంలో నా సలహా ఒక్కటే. ఏదో ఒక బరువు, ఒక ఆకారం ఎంచుకుని ఏడాది పాటు దాన్ని మార్చకండి. ఒంటి నిండా బుడిపెలున్న గుండు గులకని బాగా పట్టి చెబుతుంది, బురదని పైకి తెస్తుంది, కానీ నాచులో చిక్కుకుంటుంది. నున్నటి గుండు నాచులోంచి జారుకుంటుంది, కబురు కొంచెం మెల్లగా చెబుతుంది. రెండూ పనికొస్తాయి. వారానికొకటి మారిస్తే మాత్రం చేతికి భాష అలవాటు కాదు. నేను దాదాపు ఎప్పుడూ 85 గ్రాములదే వాడతాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎక్కువమంది లాగడం మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా గుండు దిగే క్షణం మీద పెట్టరు. నన్నడిగితే దిగడమే ఎక్కువ చెబుతుంది. గుండు గాలిలో ఉండగానే స్పూల్ (రీల్‌లో దారం చుట్టి ఉండే భాగం) అంచుకి వేలు తాకిస్తూ దారాన్ని కొంచెం కొంచెం ఆపండి. గుండు నీటికి తగిలే సమయానికి దారం ఒక గీతలా నిటారుగా ఉండాలి. నీటికి తగలగానే స్పూల్‌ని వేలితో పూర్తిగా ఆపి, రాడ్ మొనని ఎత్తి, బిగువు పోకుండా ఉంచండి. గుండు దిగుతుంటే మొన వంగి ఉంటుంది, మీరు రాడ్‌ని దానితో పాటు మెల్లగా దించుతూ రావాలి. అడుగుకి తగిలిన క్షణంలో మొన ఒక్కసారిగా నిటారవుతుంది. ఆ క్షణంలో వేలికి ఏం తగిలింది?

గట్టి గులక మీద పడితే ఠక్కుమని కొడుతుంది. దెబ్బ మోచేతి దాకా వస్తుంది, పొరబడే వీలే లేదు. గట్టి ఇసుక, బంకమట్టి అయితే అదే దెబ్బ కొంచెం మొద్దుబారి దబ్ అని వస్తుంది. పలచటి ఒండ్రు పొర కింద గట్టి నేల ఉంటే మెత్తటి దెబ్బ, పరుపు మీద పుస్తకం పడేసినట్టు. లోతైన ఒండ్రులో పడితే దెబ్బ అనేదే ఉండదు, మొన నిటారవడం ఒక్కటే తెలుస్తుంది. నాచు మీద పడితే దిగడం ముందుగానే ఆగిపోతుంది, కొన్నిసార్లు ఆగి, జారి, మళ్లీ ఆగుతుంది. నీటికి తగిలిన దగ్గర్నుంచి అడుగుకి చేరే దాకా మనసులో అంకెలు లెక్కపెట్టండి. తెలిసిన లోతులో రెండు మూడు సార్లు వేసి మీ గుండుకి ఎన్ని అంకెలకి ఎన్ని అడుగులో చూసుకుంటే, బెండు లేకుండానే లోతు ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. పక్కపక్కనే వేసిన రెండు విసుర్లలో ఒకటి నాలుగుకి, ఇంకోటి ఆరుకి దిగితే అక్కడ ఏదో ఉంది.

దిగిన తర్వాత మొదటి లాగుడు కూడా దిగడంలో భాగమే. ఒండ్రులో గుండు ఎంత కూరుకుపోయిందో అది చెబుతుంది. కొంచెం పట్టి ప్లక్‌మని వదిలితే అరడుగు లోపే. రాడ్ బాగా వంగి, బలవంతంగా పీకితే గానీ రాకపోతే అది మీ ఎరని కూడా మింగేసే బురద.

లాగేటప్పుడు రాడ్ పట్టిన చేతి చూపుడు వేలు మీద దారాన్ని ఆనించి ఉంచండి. రాడ్ పిడికి రాని కబురు వేలికి వస్తుంది. వేగం బాగా తక్కువ ఉండాలి, అడుగు దూరం లాగడానికి రెండు మూడు సెకన్లు పట్టేంత. గులకలో టక్ టక్ టక్ అని విడివిడిగా తగులుతుంది, మొన చిన్నగా ఎగిరెగిరి పడుతుంది. ఇసుకలో ఆ ఎగురుడు ఉండదు, గచ్చు మీద గోనెసంచి ఈడ్చినట్టు ఒకే తీరుగా వస్తుంది. బంకమట్టి తడి సబ్బులా జారుతుంది, మధ్యమధ్యలో పట్టేసి వదులుతుంది. ఒండ్రులో మొదటి పట్టు వదిలాక పెరుగులో గరిటె తిప్పినట్టు బరువుగా, చప్పుడు లేకుండా వస్తుంది. ఇసుకకీ పలచటి ఒండ్రుకీ తేడా లాగేటప్పుడు తేలకపోవచ్చు. నాకూ చాలాసార్లు తేలదు. అప్పుడు మళ్లీ విసిరి దిగే దెబ్బే చూస్తాను.

ఎక్కువమంది తికమకపడేది వాలు దగ్గర. నీటి అడుగున దిబ్బ ఉందనుకోండి. మీరు గుండుని మీ వైపు లాగుతున్నారు కాబట్టి అది దిబ్బ అవతలి వాలు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు బరువు పెరుగుతుంది, రాడ్ వంగుతుంది. కొత్తవాళ్లు నాచు తగిలిందనుకుని ఒక్క గుంజు గుంజి గుండుని దిబ్బ పైనుంచి ఎగరేస్తారు. దాంతో దిబ్బ జాడే పోతుంది. నాచు రబ్బరు బ్యాండులా ఉంటుంది: లాగితే సాగుతుంది, వదిలితే గుండుని వెనక్కి గుంజుకుంటుంది, ఆఖరికి పుటుక్కున తెగి వచ్చేస్తుంది. వాలు అలా సాగదు. బరువు పెరుగుతూనే ఉంటుంది గానీ టక్ టక్ కూడా ఆగదు. పైకి చేరగానే చెయ్యి ఒక్కసారి తేలికవుతుంది, ఇవతలి వాలు దిగేటప్పుడు దారం వదులైపోతుంది. ఒక చిట్కా: అనుమానం వస్తే లాగడం ఆపి అర నిమిషం అలాగే పట్టుకోండి. నాచైతే మొన మెల్లగా గుండు వైపు వంగుతుంది, వాలైతే వంగదు.

దీన్ని ముందు ఒడ్డు దగ్గర సాధన చేయండి. మోకాలి లోతులో, అడుగు కంటికి కనిపించే చోట గుండు వేసి, కళ్లతో చూస్తూ లాగండి. తర్వాత కళ్లు మూసుకుని లాగండి. గంటసేపు ఇలా చేస్తే పది ట్రిప్పుల అనుభవం వస్తుంది. కాకపోతే ఒడ్డు దగ్గర దారం ఏటవాలుగా ఉంటుంది, లాగినప్పుడు గుండుని కొంచెం పైకెత్తుతుంది. అందుకే దగ్గర్లో అన్నీ అసలుకంటే తేలికగా అనిపిస్తాయి. దూరంలో దారం దాదాపు పడుకునే ఉంటుంది కాబట్టి కబురు నిజాయితీగా వస్తుంది.

అన్నీ తెలిశాయనుకున్న తర్వాత నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. నాకు ఇష్టమైన ఒక చోట రెండేళ్ల పాటు గుండు టకటకలాడుతూ వచ్చేది. గులక దిబ్బ అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాని నడినెత్తిన ఎర వేసేవాణ్ణి. చేపలు పడేవి గానీ అనుకున్నన్ని కాదు. ఒక వేసవిలో నీళ్లు బాగా తగ్గి ఆ చోటు బయటపడింది. వెళ్లి చూస్తే గులకరాయి ఒక్కటి లేదు. గట్టి మట్టి మీద పరుచుకున్న ఆల్చిప్పలు, నత్త గుల్లలు, వాటిలో సగం పగిలినవి. దాని పక్కన, నేను ఎప్పుడూ ఎర వేయని వైపు, వాలు కింద బాన మూతంత గుంటలు వరసగా ఉన్నాయి. కార్ప్ మేసి తవ్విన గుంటలు. రెండేళ్లూ నేను భోజనాల బల్ల మీద కాకుండా ఎంగిలాకులు పడేసిన చోట కూర్చున్నానన్నమాట. గుండు అబద్ధం చెప్పలేదు, గట్టిగా గరుగ్గా ఉందని మాత్రమే చెప్పింది. గులక అన్నది నేను.

అప్పట్నుంచి నోట్‌బుక్‌లో పేర్లు రాయడం తగ్గించాను. “ఠక్, ఆ తర్వాత రెండు లాగుళ్లు నున్నగా, తర్వాత బరువు” అని తగిలింది తగిలినట్టు రాస్తాను. మార్పు ఎక్కడ వచ్చిందో చూస్తాను. కార్ప్‌కి కావలసింది సరిహద్దు. మెత్తటి ఒండ్రులో ఎర్రటి పురుగులుంటాయి, దోమలా ఉండి కుట్టని ఒక ఈగ తాలూకు పిల్ల పురుగులు అవి. వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండటం వల్ల ఆక్సిజన్ తక్కువున్న బురదలో కూడా బతుకుతాయి. కార్ప్ మూతిని గొట్టంలా ముందుకి చాపి ఆ బురదని పీల్చి, పురుగుల్ని ఉంచుకుని మట్టిని ఊసేస్తుంది. నత్తల్ని గొంతులో ఉండే పళ్లతో నలుగ్గొడుతుంది. దిబ్బ మీద నుంచి కొట్టుకొచ్చే తిండి వాలు కింద పేరుకుంటుంది. కాబట్టి దిబ్బ నెత్తి కంటే దాని పాదం నాకు ఇష్టం. గట్టి నేల ఆగి ఒండ్రు మొదలయ్యే గీత అన్నిటికంటే ఇష్టం.

ఇంకోటి ఉంది, దొరికితే వదలకూడనిది. చుట్టూ నాచు, మధ్యలో గుండు ఠక్కుమని దిగి, ఒకటి రెండు అడుగుల మేర నున్నగా వచ్చి, మళ్లీ నాచులో చిక్కుకునే చోటు. నాచులో అలాంటి శుభ్రమైన గచ్చు ఊరికే ఏర్పడదు, చాలాసార్లు చేపలు మేసి మేసి తుడిచిందే అయి ఉంటుంది. పళ్లెమంత ఉన్నా చాలు.

గుండు పైకి వచ్చిన ప్రతిసారీ దాన్ని చూడండి, వాసన కూడా చూడండి. నవ్వకండి, పాత కాలపు నావికులు లోతు చూసే సీసపు గుండుకి అడుగున గుంట చేసి కొవ్వు నింపి వదిలేవారు, సముద్రం అడుగు మట్టి దానికి అంటుకొచ్చేది. మనకి ఆ బుడిపెల మధ్య ఇరుక్కున్న మట్టి చాలు. గోధుమ రంగులో, మామూలు మట్టి వాసన ఉంటే మంచిది. నల్లగా ఉండి, కుళ్లిన గుడ్ల కంపు కొడితే ఆకులు అలములు గాలి లేకుండా కుళ్లుతున్న చోటు అది, అక్కడ ఎర వెయ్యకండి. ఒక ఎర్ర పురుగు అంటుకొచ్చిందంటే ఆ చోటు దూరం వెంటనే రాసుకోండి.

ఇప్పుడు బెండు బయటికి తీయండి. ఎంచుకున్న చోట్లు రెండో మూడో ఉంటాయి, లోతు వాటికే కొలిస్తే సరిపోతుంది. దారం గుండు మీది రింగులోంచి వచ్చి బెండుకి కట్టి ఉంటుంది. దారం చుట్టి బెండుని రింగు దాకా లాగండి, తర్వాత రీల్ క్లచ్ (దారం బిగువు సర్దేది) వదులు చేసి ఒక్కో అడుగు చొప్పున దారం వదలండి. రాడ్ మీద రీల్ నుంచి అడుగు దూరంలో టేపు ముక్క అంటించుకుంటే కొలత సులువు. బెండు నీటి పైకి వచ్చే దాకా ఎన్ని అడుగులు వదిలారో అంత లోతు. గుండుకీ రింగుకీ మధ్య పొడుగు కాడ ఉంటే దాని పొడవు కూడా కలపండి. నాచున్న చెరువులో ఆ కాడ ఉండాలి, లేకపోతే రింగు నాచులో కూరుకుపోయి బెండు పైకి రాదు. (మన భాషలో చెరువు అడుగూ అడుగే, కొలిచే అడుగూ అడుగే. నా నోట్‌బుక్ ఇంకెవరైనా చదివితే పిచ్చివాడనుకుంటారు.) గాలి ఎక్కువగా ఉంటే నీటి మీద తేలే బ్రెయిడ్ విల్లులా వంగి లోతునీ దూరాన్నీ కూడా ఎక్కువ చూపిస్తుంది. రాడ్ మొనని నీళ్లలో ముంచి దారాన్ని మునిగేలా చేసి మళ్లీ కొలవండి.

చోటు దొరికాక దాన్ని ఎర వేసే రాడ్ మీదకి ఎక్కించడంలోనే చాలామంది పోగొట్టుకుంటారు. రెండు కర్రలు 12 అడుగుల ఎడంతో పాతండి. గుండు ఆ చోటులో ఉండగా దారం బిగించి, స్పూల్ పక్కన దారాన్ని ఆపే క్లిప్‌లో పెట్టి, వెనక్కి చుట్టేయండి. తర్వాత ఆ దారాన్ని కర్రల చుట్టూ తిప్పుతూ క్లిప్ దాకా లెక్కపెట్టండి. ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి ఒక చుట్టు, అంటే సుమారు 3.66 మీటర్లు. 15 చుట్లంటే 55 మీటర్లకి కొంచెం తక్కువ. ఎర రాడ్‌ని కూడా అదే 15 చుట్ల దగ్గర క్లిప్ చేయండి. నైలాన్ అయితే చుట్టేటప్పుడు గుంజి సాగదీయకండి. దిక్కు కోసం అవతలి గట్టు మీద చెట్టో, స్తంభమో చూసుకోండి. చీకట్లో కూడా ఆకాశం మీద నల్లగా కనిపించేదైతే మేలు.

ఇంత చేశాక ఎర వేసిన ప్రతిసారీ గుండు దిగే దెబ్బ చూడండి. మార్కర్‌తో ఠక్ వచ్చిన చోట ఇప్పుడు మెత్తగా దిగితే చుట్లు ఎన్ని సరిపోయినా మీరు ఆ చోటులో లేరు. తీసి మళ్లీ వేయండి. గట్టి నేల మీద చిన్న హుక్‌లెంగ్త్ (గుండుకీ గాలానికీ మధ్య దారం), అడుగున పడుకునే ఎర బాగుంటాయి. గుండు కూరుకునే ఒండ్రులో తేలికైన గుండు, పొడుగు హుక్‌లెంగ్త్, నీళ్లలో మెల్లగా దిగే ఎర లేదా పాప్‌అప్ (అడుగు నుంచి పైకి తేలే ఎర). రిగ్గుల (గాలం, ఎర కట్టే తీరుల) గురించి ఇంతకంటే చెప్పను, అది వేరే రామాయణం.

చప్పుడు గురించి మాత్రం చెప్పాలి. కార్ప్ జాతి చేపలకి ఈత తిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, దానివల్ల వాటి వినికిడి చాలా చురుకు. 85 గ్రాముల సీసం పదే పదే ధబ్ ధబ్ మని పడుతుంటే అవి అక్కడ ఉండవు. నేను చేపల కోసం కూర్చునే రోజు ఈ పని పెట్టుకోను. ముందు రోజు సాయంత్రమో, ఊరికే చూసిపోదామని వచ్చిన రోజో చేస్తాను. అదే రోజు చేయక తప్పకపోతే పది విసుర్లకి మించను, తర్వాత ఒకటి రెండు గంటలు వదిలేస్తాను. ముందు నుంచే చేపలు ఎగురుతూ, బుడగలు వదులుతూ కనిపిస్తే మార్కర్ రాడ్ సంచీలోంచి తీయను కూడా తీయను. అవి ఉన్న చోటు అవే చెబుతున్నాయి కదా.

నీళ్లలోకి విసిరి ఫోన్‌లో చూసే సోనార్ బంతుల గురించి కూడా అడిగారు. లోతుకీ, నాచు ఎత్తుకీ అవి బాగానే పనికొస్తాయి, అనుమతి ఉన్న చోట వాడుకోండి. నేనూ ఒకటి వాడతాను, కొత్త చెరువులో ముందు దాంతో మిట్టపల్లాలు చూసి తర్వాత గుండు వేస్తాను. రెండు అడుగుల నున్నటి గచ్చు మాత్రం ఇప్పటిదాకా నాకు తెరమీద దొరకలేదు, వేలికే దొరికింది.

ఈసారి వెళ్లినప్పుడు ఒకే దిక్కులో మూడు విసుర్లు, దానికి కుడి ఎడమల మూడేసి విసుర్లు వేయండి. ఒక్కోదానికి దిగిన అంకె, దెబ్బ ఎలా ఉంది, మొదటి లాగుడు ఎంత పట్టింది, తర్వాత ఎన్నో లాగుడులో ఏం మారింది, ఇవి మాత్రం రాసుకుని ఇక్కడ పెట్టండి. పేర్లు రాయొద్దు. ఎక్కడ ఎర వేయాలో చూసి చెబుతాను.